రిటైరైన మిలిటరీ నాన్నతో రాజకీయాలు మాట్లాడేదెట్లా?

అల్వాల్ అమ్మాయి | ఆదివారం రాత్రి 10:12

నాన్న ఆర్మీ బండ్లు, మిషన్లు బాగుచేసే విభాగం ఈఎంఈలో వెహికల్ మెకానిక్. 28 ఏళ్లు చేసి 2013లో సుబేదార్‌గా ఇంటికొచ్చారు. నా చిన్నప్పుడు మా ఇంట్లో రాజకీయాల ఊసే ఉండేది కాదు. సెలవుకొచ్చినప్పుడు మామయ్యలు ఎలక్షన్ల సంగతి ఎత్తితే లేచి వాకిట్లోకి వెళ్లి స్కూటర్ కార్బురేటర్ విప్పుకుని కూర్చునేవారు. ఆ స్కూటర్‌కి ఏ జబ్బూ లేదని అందరికీ తెలుసు.

ఇప్పుడు తెల్లారి ఐదుకల్లా లేస్తారు, మంచం మీద దుప్పటి మడత బ్లేడు పెట్టి కోసినట్టుంటుంది, టీ తాగుతూ నాలుగు వాట్సాప్ గ్రూపులు చదువుతారు. తొమ్మిదింటికి తమ్ముడు లేచేసరికి యుద్ధం మొదలు. "ఈ దేశంలో ప్రతివాణ్ణీ రెండేళ్లు ఫౌజులో వేస్తే అన్నీ సర్దుకుంటాయి" అంటారు. సమ్మె చేసేవాళ్లంటే పడదు, ధర్నా అంటే పడదు. కానీ 2015లో ఓఆర్ఓపీ (ఒకే ర్యాంకుకి ఒకే పెన్షన్) కోసం ఇదే మనిషి రైలెక్కి ఢిల్లీ వెళ్లి జంతర్ మంతర్ దగ్గర రెండు రాత్రులు పడుకున్నారు! తమ్ముడు అదే ఎత్తి పొడిస్తే "అది వేరు" అని లేచిపోతారు.

"ఇంతకీ నువ్వు ఏ పార్టీ నాన్నా?" అంటే "నేను ఫౌజీని" అంటారు. అదో పార్టీ అన్నట్టు.

ఇక్కడ సర్వీసు చేసినవాళ్లు చాలామంది ఉన్నారు కదా. మనిషిని ఇలా తయారుచేసేది ఆర్మీయేనా, లేక ముందే ఇలాంటివాళ్లు ఆర్మీకి వెళ్తారా, లేక ఇది అరవై దాటిన తండ్రులందరికీ వచ్చేదేనా?

మోడరేటర్ | ఆదివారం రాత్రి 10:40

మంచి ప్రశ్న. పార్టీల పేర్లు, నాయకుల ఫొటోలు మాత్రం వద్దు. పోయినసారి పెన్షన్ల చర్చ మూసేయాల్సొచ్చింది, గుర్తుందిగా.

బొలారం హవల్దార్ | ఆదివారం రాత్రి 11:05

అమ్మా, మీ నాయిన చెప్పేది అబద్ధం కాదు. నేను గోల్కొండ ఆర్టిలరీ (ఫిరంగుల దళం) సెంటర్ల ట్రైనింగ్ అయిన. 24 ఏండ్లు జేశిన. ఆ 24 ఏండ్లు రాజకీయం మాట్లాడుడు బందు. ఆర్మీ యాక్ట్ల రాసి ఉంటది, పార్టీల జేరొద్దు, మీటింగుకు పోవద్దు, పేపర్ల రాయొద్దు. మాకు యాక్ట్ ఎవరు జదివి చెప్పిండ్రు? ఉస్తాద్ ఒక్క మాట చెప్పిండు. "రొట్టె తిను, పని జెయ్యి, ఢిల్లీల ఎవడున్నడో నీకెందుకు" అన్నడు.

ఓటు సంగతి చెప్త వినుండ్రి. పోస్టుల రావాలె. నా సర్వీసుల ఒక్కటంటే ఒక్కసారి కవరు దొరికింది. అప్పటికి లెక్కింపు అయిపోయి కొత్త మంత్రులు ప్రమాణం గూడ జేశిండ్రు. 2016 తర్వాత కంప్యూటర్ల పంపుతున్నరట, మా కాలంల అది లేదు. 42 ఏండ్ల వయసుల ఇంటికొచ్చి మొదటిసారి బూతుకు పోయి వేలు మీద సుక్క పెట్టించుకున్న. నా కొడుకు కన్న మూడేండ్లు ముందు, అంతే.

గచ్చిబౌలి పరిశోధకుడు | ఆదివారం రాత్రి 11:48

హవల్దార్ గారు చెప్పిన చివరి మాట దగ్గర కాసేపు ఆగాలి. పద్దెనిమిదేళ్లకి మనమంతా కాలేజీలో గోడ మీద నినాదాలు చదివి, టీకొట్టు దగ్గర అరుచుకుని, తప్పులు మాట్లాడి నవ్వులపాలై నేర్చుకున్నది ఈయన నలభై దాటాక మొదలుపెట్టారు. రాజ్యాంగం 33వ అధికరణం సైనికుల ప్రాథమిక హక్కుల్ని పార్లమెంటు తగ్గించొచ్చంటుంది. అందుకు కారణాలున్నాయి, పొరుగు దేశాల్లో సైన్యం రాజకీయాల్లోకి వస్తే ఏమైందో చూశాం. కాకపోతే ఆ కట్టు ఒక్క రోజులో విప్పేస్తారు. డిశ్చార్జి బుక్కు చేతిలో పెట్టి రైలెక్కిస్తారు. ఆ ఖాళీలోకి మొదట ఎవరు వస్తే వాళ్లే గురువు, ఇప్పుడైతే వాట్సాప్.

అల్వాల్ అమ్మాయి గారి అసలు ప్రశ్న, "ఆర్మీ చేసిందా, ముందే అలాంటివాళ్లా" అన్నది, ఈ రంగంలో అందరూ తల బద్దలుకొట్టుకునే ప్రశ్నే. మన దగ్గర ఇష్టపడి చేరేవాళ్లే కాబట్టి తేల్చడం కష్టం. అమెరికాలో ఒకసారి అనుకోకుండా దారి దొరికింది. వియత్నాం యుద్ధం కోసం 1969 డిసెంబర్ 1న లాటరీ తీశారు. 366 పుట్టినరోజులు చీటీల మీద రాసి, నీలం గుళికల్లో పెట్టి, గాజు జాడీలోంచి ఒక్కొక్కటీ తీశారు. మొదట సెప్టెంబర్ 14 వచ్చింది. ఆ తేదీన పుట్టినవాళ్లు ముందు వెళ్లాలి. ఇందులో ఎవడి స్వభావానికీ చోటు లేదు, అంతా అదృష్టం.

ఎరిక్సన్, స్టోకర్ అనే ఇద్దరు పరిశోధకులు ఆ తరం కుర్రాళ్ల అభిప్రాయాల్ని ఏళ్ల తరబడి పోల్చి 2011లో ప్రచురించారు. చిన్న నంబరు పడ్డవాళ్లు, అంటే పిలుపు వచ్చే ప్రమాదం ఎక్కువ ఉన్నవాళ్లు, యుద్ధానికి ఎక్కువ వ్యతిరేకులయ్యారు, ఉదారవాదం వైపు జరిగారు. దశాబ్దాల తర్వాత కూడా తేడా పూర్తిగా పోలేదు. గమనించండి, వాళ్లలో చాలామంది అసలు సైన్యంలోకి వెళ్లనేలేదు. వెళ్లాల్సి వస్తుందేమో అన్న ఆలోచనే వాళ్లని మార్చింది.

సఫిల్‌గూడ సైకిల్ | సోమవారం ఉదయం 7:20

అందరూ పొగుడుతున్నారు, నేనొక్కణ్ణే విలన్ అవుతానేమో. కంటోన్మెంట్ పక్కనే పుట్టి పెరిగాను. మిలిటరీ వాళ్లు మామూలు జనానికి రోడ్లు మూసేసే గొడవ ఈ వైపు వాళ్లకి చెప్పక్కర్లేదు. 2018లో రక్షణ శాఖ దేశమంతా కంటోన్మెంట్ రోడ్లు తెరవమంది, అయినా గొడవ తెగలేదు. ఒకసారి అమ్మని ఆస్పత్రికి తీసుకెళ్తూ ఒక గేటు దగ్గర ఆపితే నాలుగు కిలోమీటర్లు చుట్టూ తిరిగాను. సెంట్రీ కుర్రాణ్ణి ఏమీ అనను, వాడి ఆర్డరు వాడిది.

నాకు మండేది ఆ తర్వాత. మా కాలనీలో రిటైరైన ఒకాయనతో ఈ మాట చెబితే, "సివిలియన్లకి రూల్ అంటే తెలీదు" అన్నాడు. సివిలియన్! ఆయన రిటైరై పదిహేనేళ్లయింది. ఆయన తాగే నీళ్లు, తొక్కే రోడ్డు, మనవడి బడి అన్నీ సివిలే. ఆ మాటని మా నాయనమ్మ కులం పేరు వాడినట్టు వాడతారు.

బొలారం హవల్దార్ | సోమవారం ఉదయం 7:41

సైకిల్ తమ్మీ, కోపం దీసుకో. ఆ మాట మేం గూడ తిట్టులెక్కనే వాడుతం, ఒప్పుకుంట. యూనిట్ల ఎవడన్న బూటు పాలిష్ చెయ్యకుంట వస్తే "ఏం, సివిలైపోయినవా" అనేటోళ్లు. నోటికి అలవాటైంది.

మాధవరం మనవడు | సోమవారం ఉదయం 9:02

కూకట్‌పల్లిలో ఉంటాను గానీ మాది పశ్చిమ గోదావరిలో తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం. మిలిటరీ మాధవరం అంటేనే బస్సు కండక్టరుకి తెలుస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి ప్రతి తరంలో సైన్యానికి వెళ్లిన ఊరండి. మావాళ్లలో ఇంటికో సిపాయి. అందుకని "ముందే అలాంటివాళ్లు వెళ్తారా" అన్న ప్రశ్న మా ఊళ్లో అడిగితే నవ్వుతారు. వరిచేను లేనివాడు వెళ్లేవాడు, పదో తరగతి తప్పినవాడు వెళ్లేవాడు, బాబాయి వెళ్లాడని అబ్బాయి వెళ్లేవాడు. దేశభక్తి తర్వాత వచ్చేది, జీతంతో పాటు.

మా తాతయ్య మద్రాసు రెజిమెంటు. తొంభై ఏళ్లకి మా పేర్లు మర్చిపోయాడు, "వీర మద్రాసీ అడి కొల్లు అడి కొల్లు" మాత్రం మర్చిపోలేదు. ఆయనకి తమిళం రాదు, అది తప్ప! ఇక రాజకీయాలంటారా, ఆయన తన జీవితమంతా ఒకే గుర్తుకి ఓటేశాడు, ఎందుకు తాతయ్యా అంటే "మా సుబేదారు చెప్పాడు" అనేవాడు. ఆ సుబేదారు పోయి అప్పటికి ముప్పై ఏళ్లు.

నాగోల్ నాయక్ | సోమవారం మధ్యాహ్నం 1:15

ముందుగా ఒక మాట, నాయక్ నా ర్యాంకు, ఇంటిపేరు కాదు. ప్రతి చోటా ఈ ముచ్చట చెప్పాల్సొస్తది.

మాది పాలమూరు దిక్కు. నేను ఏ వాడలో పుట్టానో చెబితే మిగతాది మీకే అర్థమైతది, ఊరి చివర వాడ. మా నాయిన్ని ఊళ్లో పేరు పెట్టి పిల్చినోడు లేడు, "ఒరేయ్" తోనే పని. నేను ట్రైనింగ్ అయి మొదటి సెలవుకొచ్చినప్పుడు యూనిఫాం వేసుకునే వచ్చిన. బస్సు దిగి నడుస్తుంటే రచ్చబండ మీద కూసున్న పటేలు చూసి "ఎవరు, ఫలానోడి కొడుకేనా" అని, ఒక్క క్షణం ఆగి, "రాండ్రి" అన్నడు. మా వంశంలో ఎవర్నీ "రాండ్రి" అన్నోళ్లు లేరు. ఆ "ండ్రి" కోసం నేను 17 ఏండ్లు చేసిన అనుకోండ్రి.

యూనిట్ల ఒకే మెస్సుల తిన్నం, ఒకే బ్యారక్ల పండుకున్నం. అంతా సమానమని చెప్పను, పాత రెజిమెంట్లలో భర్తీయే కులం జాతి లెక్కన ఉంటది, అది అందరికీ ఎరికే. కానీ పక్క మంచమోడు నా గ్లాసుల నీళ్లు తాగుడు నేను ఫస్టు చూసింది అక్కడనే.

రిటైరయినంక అసలు కథ. మాజీ సైనికులకు సర్కారు భూమి ఇస్తదని దరఖాస్తు పెట్టిన. ఆఫీసు పేరు చెప్పను, ఏడేండ్లు తిరిగిన. మొదటి సారి మెడల్స్ పెట్టుకొని పోయిన, క్లర్కు తలకాయ ఎత్తలె. ఏడో ఏడు ఒకడు చెప్పిండు, మెడల్స్ కాదన్నా, ఇంకోటి పెట్టాలె అని. నా రాజకీయం ఆ రోజు పుట్టింది. మీ నాయినకు జంతర్ మంతర్ దగ్గర పుట్టింది, నాకు ఆ బల్ల ముందట.

అంబేడ్కర్ ఎక్కడ పుట్టిండో చూడుండ్రి. మౌ కంటోన్మెంట్ల, 1891ల. తండ్రి రాంజీ సక్పాల్ సుబేదారు. ఫౌజు ఉండబట్టి ఆ ఇంట్ల చదువు వచ్చింది. ఆ తర్వాత కొన్నేండ్లకే తెల్లోళ్లు మహర్ల భర్తీ బందు పెట్టిండ్రు. మహార్ రెజిమెంట్ మళ్ల 1941ల నిలబడ్డది. ఫౌజుల చోటు ఉండుడు, పోవుడు అనేది మాకు ఉత్త కొలువు ముచ్చట కాదు.

సఫిల్‌గూడ సైకిల్ | సోమవారం మధ్యాహ్నం 1:50

నాయక్ గారూ, మీ పోస్టు ఆఫీసులో కూర్చుని రెండుసార్లు చదివాను. నేను పొద్దున రాసిన నాయనమ్మ పోలిక వెనక్కి తీసుకుంటున్నా.

హకీంపేట్ కార్పోరల్ | సోమవారం సాయంత్రం 6:30

అందరూ ఆర్మీయే సైన్యం అన్నట్టు మాట్లాడుతున్నారు 🙂 ఎయిర్‌ఫోర్స్‌లో మా లోకం వేరు. ఎయిర్‌మన్‌గా 20 ఏళ్లు, రాడార్ రిపేరు. చేతిలో తుపాకీ కంటే మల్టీమీటర్ ఎక్కువ పట్టాను. 39కే బయటికొచ్చి మాజీ సైనికుల కోటాలో బ్యాంకు క్లర్కునయ్యాను.

చేరిన ఏడాదికి సమ్మె వచ్చింది. యూనియన్ నాయకుడు వచ్చి "మిలిటరీ అన్నా, గేటు దగ్గర ముందు నిలబడు, నీ గొంతు పెద్దది" అన్నాడు. నిలబడ్డాను. పిడికిలి ఎత్తాల్సి వచ్చినప్పుడు చెయ్యి లేవలేదు. నిజంగా. సర్వీసులో యూనియన్ అన్న మాటే నేరం, నలుగురు కలిసి ఆర్డరు కాదంటే తిరుగుబాటు, కోర్టు మార్షల్. ఇరవై ఏళ్లు ఒంట్లోకి ఎక్కిన సంగతి అది. మా మేనేజరు కిటికీలోంచి చూస్తున్నాడు, నేను అటెన్షన్‌లో నిలబడి "జిందాబాద్" అని గొణిగాను. అందరూ పగలబడి నవ్వారు.

మూడో సమ్మెకి నినాదాలు నేనే రాసిచ్చాను. ఇప్పుడు మా ఇంట్లో ఎర్రజెండా క్యాలెండరు ఉంటుంది, దాని పక్కనే స్క్వాడ్రన్ ఫొటో. మా బ్యాచ్‌వాళ్లు నన్ను దేశద్రోహి అని సరదాగా అంటారు, ఈ మధ్య సరదా కాస్త తగ్గింది.

అందుకని పరిశోధకుడి గారూ, సైన్యం మనిషిని ఒకవైపే తోస్తుందంటే నేను ఒప్పుకోను. దిగాక ఏ గదిలోకి అడుగు పెట్టాడన్నదే లెక్క.

గచ్చిబౌలి పరిశోధకుడు | సోమవారం రాత్రి 8:10

నేనూ అదే అంటాను. సైన్యం నేర్పేది నైపుణ్యం. పదిమందిని కూడగట్టడం, పని పంచడం, భయంలో కూడా వరస తప్పకపోవడం. దాన్ని దేనికి వాడతారన్నది బయటి లోకం చేతిలో ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధంలో సుమారు 25 లక్షల భారతీయులు సైన్యంలో పనిచేశారు. దేశ విభజన హింస మీద ఝా, విల్కిన్సన్ 2012లో రాసిన వ్యాసం ఉంది. యుద్ధంలో నిజమైన పోరు ఎక్కువ చూసినవాళ్లు తిరిగొచ్చిన జిల్లాల్లో, అవతలి మతం వాళ్లని తరిమేయడం ఎక్కువ జరిగింది. అదే అనుభవం ఉన్నవాళ్లు తామే అల్పసంఖ్యాకులైన చోట తమవాళ్లని గుంపులు కట్టించి సరిహద్దు దాటించగలిగారు. ఒకే విద్య, రెండు పనులు.

మన నాయకుల్లోనే చూడండి. వైమానిక దళంలో ఫైటర్ పైలట్‌గా చేసిన ఉత్తమ్ కుమార్ రెడ్డి ఒక పార్టీ, కెప్టెన్ లక్ష్మీకాంతరావు ఇంకో పార్టీ, ఆర్మీ చీఫ్‌గా చేసిన వీకే సింగ్ చేరింది మరో పార్టీలో. (మోడరేటర్ గారూ, పార్టీల పేర్లు రాయలేదు!) 2019 ఏప్రిల్‌లో, సైన్యాన్ని ఎన్నికల ప్రచారానికి వాడుకోవద్దని 150 మందికి పైగా మాజీ సైనికుల పేర్లతో రాష్ట్రపతికి లేఖ వెళ్లింది. ఆ జాబితాలో ఉన్న కొందరు పెద్దలు మర్నాడే మేం ఒప్పుకోలేదన్నారు. మాజీ సైనికులంతా ఒకే మాట మీద ఉంటారన్నది టీవీ స్టూడియోలో పుట్టిన ముచ్చట.

నల్గొండ రన్నర్ | సోమవారం రాత్రి 9:25

అన్నా, మీరు పైన లాటరీ గురించి రాసిన్రు కదా, సైన్యంలకు పోకుండనే మారిన్రని. అది నా కథ.

2021ల ఫిజికల్ అయింది. 1600 మీటర్లు, బీమ్, మెడికల్ అన్నీ పాస్. రాత పరీక్ష కరోనా అని ఆపిన్రు. రేపు, మాపు అని ఏడాది నడిచింది. రోజు పొద్దున నాలుగింటికి లేచి రోడ్డు మీద ఉరికేటోణ్ణి, పెసర్లు నానబెట్టుకొని తినేటోణ్ణి. ఊళ్లె అందరు అప్పుడే "మిలిటరీ" అని పిలుస్తున్రు. 2022 జూన్ 14న అగ్నిపథ్ అన్నరు, నాలుగేండ్లే, నూటికి 25 మందినే ఉంచుకుంటరట, పెన్షన్ లేదు, పోయేటప్పుడు 11.71 లక్షలు. మాకు అయిన ఫిజికల్ అంత కొట్టేశిన్రు, మళ్ల మొదటి నుంచి రమ్మన్నరు.

జూన్ 17న సికింద్రాబాద్ స్టేషన్ల ఏమైందో అందరికి తెల్సు. రైలు బోగీలు కాలినయి, కాల్పులల్ల ఒక పిలగాడు చచ్చిపోయిండు. నేను ఆ రోజు పోలె, మా అమ్మ గడియ పెట్టింది. పోయినోళ్లను మెచ్చుకోను, బోగీ కాలిస్తే ఎవలది కాలింది? కని ఆ సచ్చినోడు నా అసుంటోడే. ఇప్పుడు డెలివరీలు చేస్తున్న. పొద్దున నాలుగింటికి ఇంక మెలకువైతది. ఉరకను, ఉత్తగనే లేచి కూసుంట.

హకీంపేట్ కార్పోరల్ | సోమవారం రాత్రి 9:40

తమ్ముడూ, బ్యాంకు నోటిఫికేషన్ల సంగతి నాకు ప్రైవేట్‌గా రాయి. సాయం చేస్తాను.

పద్నాలుగు ఇళ్లు | మంగళవారం ఉదయం 11:10

పద్నాలుగు ఎందుకంటే మావారి సర్వీసులో నేను సర్దిన క్వార్టర్లు అన్ని. మాట్లాడుతున్నవాళ్లంతా మగవాళ్లే, అల్వాల్ అమ్మాయి తప్ప. ఇంట్లో వాళ్లకి వచ్చే గుర్తింపు సంగతి ఎవరూ ఎత్తలేదు. సుబేదారు గారి భార్య, మేజరు గారి భార్య. కూరగాయల బండి దగ్గర కూడా ర్యాంకుల వరసే, పెద్దావిడ బేరం అయ్యాకే మనం.

ఒక చిన్న ముచ్చట చెప్తాను. భర్త దగ్గర ఉండే భార్య సర్వీసు ఓటరుగా (సైనికుల్లా పోస్టులో ఓటేసేలా) నమోదు కావచ్చు. మహిళా అధికారి భర్తకి మాత్రం ఆ వీలు ఉండేది కాదు, చట్టంలో "భార్య" అని రాసి ఉండేది. 2021లో సవరించి "జీవిత భాగస్వామి" అని మార్చారు. ఆ ఒక్క మాట మార్చడానికి డెబ్బై ఏళ్లు పట్టింది చూడండి. సైన్యంలో ఆడవాళ్లు ఎవరికి గుర్తున్నారు?

అల్వాల్ అమ్మాయీ, మీ అమ్మగారిని అడిగి చూడు. నాన్న లేని ఆ 28 ఏళ్లు రేషన్ కార్డూ, కరెంటు బిల్లూ, కార్పొరేటర్ దగ్గరికి తిరగడం ఎవరు చేశారు? మీ ఇంట్లో రాజకీయం తెలిసిన మనిషి ఆవిడ. మావారు దిగాక మొదటి నెలలో నీళ్ల ట్యాంకర్ రాలేదని "ఫిర్యాదు రాస్తాను, పైఅధికారికి కాపీ పెడతాను" అన్నారు. నేను ఫోన్ తీసి డ్రైవర్ కుర్రాడికి చేశాను. పావుగంటలో వచ్చింది. ఆ రోజు ఆయన మొహం చూడాలి.

మెహదీపట్నం ఫౌజీ | మంగళవారం సాయంత్రం 5:55

సలాం అందరికీ. నా తెలుగు జర హైదరాబాదీ ఉంటది, మాఫ్ చెయ్యండి.

ఈ ఊరే ఫౌజుల ఊరు. బార్కస్ అంటే బ్యారక్స్, ఏసీ గార్డ్స్ అంటే నిజాం ఆఫ్రికన్ గుర్రపు దళం, ఫస్ట్ లాన్సర్, రిసాలా బజార్, గన్‌ఫౌండ్రీ... బస్సు బోర్డు చదివితే పాత ఫౌజు మొత్తం కవాతు చేస్తది. సికింద్రాబాద్ అయితే 1806లో కంటోన్మెంట్‌గానే పుట్టింది.

మా తాత నిజాం రెగ్యులర్ ఫౌజులో సిపాయి. 1948 సెప్టెంబర్‌లో పోలీస్ యాక్షన్ అయినంక ఆ ఫౌజు పోయింది. తాత రిక్షా తొక్కిండు. ఆయన పాత బెల్టు మాత్రం బిళ్ల తోమి తోమి పెట్టుకునేటోడు. 1992లో నేను ఇండియన్ ఆర్మీకి పోతా అంటే ఇంట్లో అందరూ తాత దిక్కు చూసిన్రు. ఆయన ఏమీ అనలేదు, నా షూ తీసి చూసి "సైజు ఒకటి పెద్దది తీసుకో, మేజోళ్లు రెండు వేస్తరు" అన్నడు.

యూనిట్‌లో సర్వ ధర్మ స్థల్ ఉండేది, మందిరం, మసీదు, గురుద్వారా, చర్చి అన్నీ ఒకే కప్పు కింద. రంజాన్ నెలలో లంగర్ కుక్, హర్యానా జాట్, సెహ్రీకి రాత్రి మూడింటికి లేచి రొట్టెలు చేసేటోడు. ప్రేమతోటి కాదు, తిట్టుకుంట చేసేటోడు. నెల మొత్తం ఒక్క రోజు తప్పలె.

రిటైరయినంక కిరాయి ఇల్లు కోసం తిరిగిన. ఒక ఓనరు పేరు వినంగనే ఖాళీ లేదన్నడు. వెనక్కి తిరుగుతుంటే జేబులోంచి క్యాంటీన్ కార్డు కింద పడ్డది. "అరె, మిలిటరీనా, ముందే చెప్పొద్దా" అని చాయ్ తాగిపిచ్చి తాళం ఇచ్చిండు. బీవీ ఖుష్. నాకు నిద్ర రాలె. కార్డు ఉన్నోడికి ఇల్లు దొరికింది. మా తమ్ముడు ఎలక్ట్రీషియన్, వాడి జేబులోంచి ఏం పడాలె? నా పాలిటిక్స్ ఏందని అడిగితే ఇదే.

ఒక సంగతి. "జై హింద్" నినాదం ఇచ్చింది మన హైదరాబాద్ ఆబిద్ హసన్ అని అంటరు, నేతాజీ సెక్రటరీ. రోజుకు వంద సార్లు ఆ మాట అన్న. ఎవరూ ఆయన పేరు చెప్పలె, నేనే చెప్పేటోణ్ణి.

బొలారం హవల్దార్ | మంగళవారం సాయంత్రం 6:48

సాబ్ జై హింద్.

మీరంత మనసుల మాట చెప్పిండ్రు, నాది గూడ చెప్త. 1987ల మా 54 డివిజన్ ఈ సికింద్రాబాద్ నించే శ్రీలంకకు పోయింది. జులై 29న ఒప్పందం అయింది, దాని ఎంబడే మమ్మల్ని ఎక్కిచ్చిండ్రు. పేరు శాంతి దళం. దిగంగనే తమిళోళ్లు దండలేశిండ్రు, కొబ్బరి నీళ్లు ఇచ్చిండ్రు. అక్టోబర్ల అదే ఊళ్లె మందుపాతరలు. ఎవని మీద కాల్చాలె? పొద్దుగాల నీళ్లిచ్చిన ఇంట్లకెల్లి రాత్రి తూటా వచ్చేది.

దగ్గర దగ్గర 1,200 మంది మనోళ్లు అక్కడ పానం ఇడిశిండ్రు. 1990 మార్చిల ఆఖరోళ్లు మద్రాసుల దిగితే, రాష్ట్రం తరఫున స్వాగతానికి ముఖ్యమంత్రి రానన్నడు. ఆయన లెక్క ఆయనకుంటది, ఆయన ప్రజలు ఆయనకున్నరు. ఢిల్లీల పంపిన సర్కారు గూడ అప్పటికి మారిపోయింది. పంపినోడు లేడు, పిలిచినోడు లేడు. కొలంబో కాడ మావాళ్లకు స్మారకం ఉంది, లంకోళ్లు కట్టిండ్రు.

కార్గిలోళ్ల పేర్లు పిల్లలకు తెల్సు, తెల్వాలె గూడ. గల్వాన్ల పోయిన మన సూర్యాపేట కల్నల్ సంతోష్ బాబు విగ్రహం కాడ నేను గూడ మొక్కిన. లంక సంగతి అడిగితే మనుమడు "క్రికెట్‌కు పోయినవా తాతా" అన్నడు.

అందుకే పరేడ్ గ్రౌండ్ సైనిక స్మారకం కాడికి పోత గని ఏ పార్టీ జెండా కాడికి పోను. నా ఓటు ప్రతిసారి వేస్త. ఎవనికి వేశిన్నో నా పెండ్లానికి గూడ చెప్ప.

మోడరేటర్ | మంగళవారం రాత్రి 8:00

ముఖ్యమంత్రి ప్రస్తావన చరిత్ర కాబట్టి ఉంచుతున్నా. దాని మీద ఎవరూ వాదన పెట్టుకోవద్దు.

నాగోల్ నాయక్ | మంగళవారం రాత్రి 8:22

హవల్దార్ సాబ్, ఈ ఆదివారం నేను బొలారం వస్తున్న. క్యాంటీన్ పని గూడ ఉంది. కలుద్దాం.

అల్వాల్ అమ్మాయి | బుధవారం రాత్రి 9:35

మూడు రోజులుగా అన్నీ చదువుతున్నాను. 'పద్నాలుగు ఇళ్లు' గారూ, అమ్మకి మీ పోస్టు చదివి వినిపించాను. "ట్యాంకర్ కాదు, మనకి గ్యాస్ బండ" అంది.

ఈ రాత్రి అన్నం తిన్నాక ధైర్యం చేసి ఫోన్ నాన్న చేతికిచ్చాను. కళ్లజోడు పెట్టుకుని మొదటి నుంచీ చదివారు. సివిలియన్ మాట దగ్గర చిన్నగా నవ్వారు. యూనియన్ కథ దగ్గర "వీడెవడో ఎయిర్‌ఫోర్స్ వాడు, వీళ్లకి డ్రిల్ రాదు" అన్నారు. నల్గొండ అబ్బాయి రాసింది చదివి చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత తమ్ముడి వైపు చూసి "వీళ్ల పరీక్ష పెట్టి తీసుకోవాల్సింది, అది తప్పే" అన్నారు. ప్రభుత్వం తప్పు చేసిందని మా నాన్న నోటి వెంట, ఓఆర్ఓపీ తర్వాత, ఇదే మొదటిసారి. తమ్ముడు గెలిచినట్టు మొహం పెట్టబోయి మానేశాడు.

54 డివిజన్ దగ్గరికి వచ్చేసరికి లేచి లోపలికి వెళ్లారు. మంచం కింద నల్ల ట్రంకు పెట్టె ఉంది, తెల్ల పెయింటుతో నంబరు, పేరు రాసి ఉంటుంది. మాకు తెలిసి అందులో పాత స్వెటర్లు. అడుగునుంచి ఒక ఫొటో తెచ్చారు. శక్తిమాన్ లారీ బానెట్ ఎత్తి ఉంది, దాని ముందు బనీన్ మీద ముగ్గురు కుర్రాళ్లు, చేతులనిండా గ్రీజు. మధ్యలో ఉన్నది నాన్న. వెనకాల "పలాలి, 87" అని ఇంకుతో ఉంది.

నాకు ముప్పై నాలుగేళ్లు. మా నాన్న శ్రీలంక వెళ్లారని నాకు ఈ రాత్రి దాకా తెలీదు. అమ్మకి తెలుసట.

మిగతా ఇద్దరూ ఎవరని అడిగాను. ఎడమవైపు వ్యక్తి మీద వేలు పెట్టి "వీడు రాలేదు" అన్నారు. అంతే. రాజకీయాల గురించి ఇంక ఏమీ అడగలేదు నేను.

పడుకోబోయే ముందు పిలిచి, ఇది మాత్రం రాయమన్నారు: బొలారం హవల్దార్ గారు ఏ రెజిమెంటు, ఏ బ్యాటరీ (ఫిరంగుల జట్టు), అక్టోబర్‌లో ఎక్కడున్నారు? వాళ్ల ఫిరంగి లాగే బండి ఒకటి గేర్‌బాక్స్ పోయి వర్క్‌షాపుకి వచ్చిందట, అది మీదేనా అని అడగమన్నారు.

బొలారం హవల్దార్ | బుధవారం రాత్రి 9:51

అమ్మా గా బండి మాదే. నంబరు ప్రైవేట్ల పెట్టిన, సాబ్‌కు ఇయ్యి. నిద్ర పోయిండా? పోకుంటె ఇప్పుడే చెయ్యమను.